కంపెనీ ఆపేసింది.. ఆటగాళ్లు ఆపలేదు! కమలాపురం లాంటి ఊళ్లో షాపులో 'అంతరిక్ష యుద్ధం' ఈవెంట్ పెట్టాలంటే ఏం కావాలి?

టేబుల్ మీద మూడడుగుల నల్లగుడ్డ. దాని మీద అరచేతిలో పట్టేంత స్పేస్‌షిప్ బొమ్మలు. అటొకరు, ఇటొకరు. ఎవరి ఓడ ఎటు తిరుగుతుందో ఎదుటివాళ్లకు తెలియకుండా ముందే నిర్ణయించుకుంటారు. తర్వాత ఓడల్ని కదుపుతారు, పాచికలు వేస్తారు, ఓడలు పేలతాయి. నెట్ అక్కర్లేదు, చార్జింగ్ అక్కర్లేదు. దీన్నే స్పేస్ కంబాట్ మినియేచర్స్ గేమ్ అంటారు. మన మాటల్లో చెప్పాలంటే బొమ్మ ఓడలతో ఆడే అంతరిక్ష యుద్ధం.

ఈ ఆటల్లో బాగా పేరున్నది 'స్టార్ వార్స్: ఎక్స్-వింగ్'. దానికి కొత్త బొమ్మలు, కొత్త రూల్స్ తేవడం ఆపేస్తున్నామని 2024 జూన్‌లో కంపెనీ ప్రకటించింది. అయినా ఆట ఆగలేదు. షాపుల్లో, క్లబ్బుల్లో ఆటగాళ్లే సొంతంగా ఈవెంట్లు పెట్టుకుని ఆడుతున్నారు. మరి కంపెనీ చెయ్యి వదిలేసిన ఆట ఎలా బతుకుతోంది? అలాంటి ఈవెంట్ ఒకటి మన కమలాపురంలో, ఓ చిన్న షాపులో పెట్టాలంటే ఏం కావాలి? స్టెప్ బై స్టెప్ చూద్దాం.

అసలేంటీ ఎక్స్-వింగ్?

అమెరికాకు చెందిన ఫాంటసీ ఫ్లైట్ గేమ్స్ 2012లో ఈ ఆటను మార్కెట్లోకి తెచ్చింది. ఓడల్ని కదిపే పద్ధతికి మూలం 'వింగ్స్ ఆఫ్ వార్' అనే ఇటలీ ఆట. అందులో మొదటి ప్రపంచ యుద్ధం నాటి విమానాలు ఢీకొంటాయి. అదే ఆలోచనను స్టార్ వార్స్ సినిమాల ఓడలకు తగ్గట్టు మార్చారు. 2018లో రెండో ఎడిషన్ వచ్చింది. 2020 చివర్లో ఆట బాధ్యత అటామిక్ మాస్ గేమ్స్ అనే సంస్థకు మారింది. 2022లో రూల్స్ బాగా మార్చారు. కొందరికి అది నచ్చింది. నచ్చనివాళ్లు పాత పద్ధతినే 'లెగసీ' పేరుతో కొనసాగించారు. 2024లో కంపెనీ ఆపేశాక కొత్త రూల్స్ ఆడేవాళ్లు కూడా ఎక్స్-వింగ్ అలయన్స్ పేరుతో ఒక బృందంగా ఏర్పడి, ఓడల పాయింట్లను తామే సరిచూసుకుంటున్నారు.

ఆట ఎలా ఉంటుందంటే.. మైదానం 3 అడుగుల పొడవు, 3 అడుగుల వెడల్పు. మధ్యలో అట్టముక్కలతో చేసిన గ్రహశకలాలు పెడతారు. ప్రతి ఓడకూ ఒక డయల్ ఉంటుంది. ఈసారి ఎంత వేగం, ఎడమా కుడా నేరుగానా అన్నది డయల్ తిప్పి, బోర్లా పెడతారు. అందరూ పెట్టాక ఒక్కో డయల్ తెరుస్తారు. డయల్ ఏం చెప్తే ఓడ అదే చెయ్యాలి, మనసు మార్చుకునే వీల్లేదు. ఓడ ముందు ఒక అట్ట కొలత పెట్టి, ఓడను దాని అవతలి చివరకు జరుపుతారు. నేరుగా వెళ్లడానికి 5, వాలుగా తిరగడానికి 3, గట్టి మలుపుకి 3.. మొత్తం 11 కొలతలు.

ఇక్కడ ఒక చిన్న మెలిక ఉంది. అనుభవం తక్కువున్న పైలట్లు ముందు కదలాలి. కాల్పులకొచ్చేసరికి అనుభవం ఎక్కువున్నవాళ్లు ముందు కాలుస్తారు. అంటే నేర్పరి పైలట్ అందరూ ఎక్కడ ఆగారో చూసుకుని కదులుతాడు, అందరికంటే ముందు కాలుస్తాడు. అలాంటి పైలట్‌కి పాయింట్లు కూడా ఎక్కువ ఖర్చవుతాయి.

మన పులిజూదం తెలిసినవాళ్లకి ఇది ఈజీ

మొదటి పెట్టెలో వచ్చేవి మూడే ఓడలు. ఒకవైపు ఒక ఎక్స్-వింగ్, అవతలి వైపు రెండు టై ఫైటర్లు. ఎక్స్-వింగ్‌కి 3 దాడి పాచికలు, 2 రక్షణ పాచికలు, 4 దెబ్బలు ఓర్చుకునే ఒళ్లు, దాని మీద 2 షీల్డులు. టై ఫైటర్‌కి 2 దాడి పాచికలు, 3 రక్షణ పాచికలు, 3 దెబ్బల ఒళ్లు. షీల్డు లేదు. ఒకటి బలమైనది, రెండోవైపు బలహీనమైనవి ఎక్కువ. చుట్టుముట్టి గెలవాలా, ఒక్కొక్కదాన్నీ విడదీసి కొట్టాలా?

పులిజూదంలో ఉన్నదీ ఇదే లెక్క. మూడు పులులు, పదిహేను మేకలు. పులి దూకి మేకను తింటుంది. మేకలు కలిసికట్టుగా నిలబడి పులికి దారి మూసేస్తాయి. రెండువైపులా బలం ఒకేలా లేకపోయినా పోటీ సమంగా నడిచే ఆటలు మన ఊళ్లకు కొత్తవి కావు. ఊళ్లో పెద్దవాళ్లకు ఈ ఆట గురించి చెప్పాలంటే 'పులి-మేక ఆటలాంటిదే, కాకపోతే పులికీ మేకకీ రెక్కలున్నాయి' అంటే చాలు.

ఇంకో పోలిక కూడా ఉంది. పులిజూదానికి ఏ కంపెనీ లేదు. ఎడిషన్లు లేవు, ప్రకటనలు లేవు. గుడి మండపంలో రాతిపలక మీద గీతలు గీసి, చింతగింజలు, గులకరాళ్లు పెట్టి ఒకరికొకరు నేర్పుకున్నారు. అలా తరాలు దాటింది. నేర్పేవాళ్లు తగ్గిన ఊళ్లలో గీతలు రాయి మీద మిగిలాయి, ఆట మాత్రం పోయింది. ఇప్పుడు ఎక్స్-వింగ్ కూడా అదే దారి మలుపులో ఉంది. పెట్టె ఇంట్లో ఉంటే సరిపోదు. కూర్చోబెట్టి ఆడించేవాళ్లు కావాలి. షాపులో ఈవెంట్ అన్నది అందుకే అంత ముఖ్యం.

ఏ ఆట పెట్టాలి? కొనాలా, చేసుకోవాలా?

ఈవెంట్ పెట్టే ముందు తేల్చుకోవాల్సిన మొదటి విషయం ఇదే. ఎక్స్-వింగ్ పెట్టెలు విదేశాల నుంచి రావాలి. పైగా తయారీ ఆగిపోయిన ఆట కాబట్టి ఉన్న సరుకు కోసమే వెతుక్కోవాలి. మన దేశంలో బొమ్మల మీద దిగుమతి సుంకం 2020లో 20 శాతం నుంచి 60 శాతానికి, 2023లో 70 శాతానికి పెరిగింది. పెట్టెను బొమ్మ కింద లెక్కేస్తే ఖర్చు తడిసి మోపెడవుతుంది. కాలేజీ కుర్రాళ్లు తలా ఒక పెట్టె కొనుక్కుని రావాలంటే కుదిరే పని కాదు.

దీనికి రెండు దారులున్నాయి. ఒకటి, ఎవరి దగ్గరైనా ఒక సెట్ ఉంటే అందరూ దానితోనే ఆడటం. నిర్వాహకుడే రెండు జట్ల ఓడల్ని ముందుగా సిద్ధం చేసి టేబుల్ మీద పెట్టేస్తే, వచ్చినవాళ్లు ఏమీ కొనక్కర్లేదు.

రెండోది, బొమ్మలు కొనక్కర్లేని ఆట ఎంచుకోవడం. దానికి మంచి ఉదాహరణ 'ఫుల్ థ్రస్ట్'. 1990ల మొదట్లో బ్రిటన్‌లో జాన్ టఫ్లీ రాశాడు. గ్రౌండ్ జీరో గేమ్స్ అనే చిన్న సంస్థది ఇది. రూల్స్ పుస్తకాల్ని ఉచితంగా డౌన్‌లోడ్ చేసుకోవచ్చు. ఫలానా కంపెనీ బొమ్మలే వాడాలన్న షరతు లేదు. పాత పెన్ను మూతలు, సీసా మూతలు, అట్టముక్కలు, ఎంసీల్ ఉంటే ఓడలు తయారు. ముందు ఏది, వెనక ఏది అన్నది తెలిసేలా బాణం గుర్తు ఒకటి వేస్తే చాలు. పాచికలు కూడా మామూలు ఆరు ముఖాలవే, లూడో పెట్టెలో ఉండేవి.

ఫుల్ థ్రస్ట్‌లో ఇంకో అందం ఉంది. ఇందులో ఓడకు బ్రేకు ఉండదు. పోయినసారి ఎంత వేగంతో వెళ్లిందో ఈసారీ అంతే వేగంతో వెళ్తుంది. తగ్గాలన్నా పెరగాలన్నా ఇంజన్ శక్తి ఖర్చు పెట్టాలి. 2023 ఆగస్టు 23న చంద్రయాన్-3 చంద్రుడి మీద దిగుతున్నప్పుడు టీవీల్లో అందరూ చూసిందీ అదే. గాలి లేనిచోట పారాచూట్ పనికిరాదు, వేగం తగ్గాలంటే ఇంజన్లు మండించాల్సిందే. ఈ సూత్రాన్ని పిల్లలకు బోర్డు మీద చెప్పడం వేరు. ఓడను ఆపలేక అది టేబుల్ అంచు దాటిపోవడం కళ్లారా చూడటం వేరు.

లెక్క కూడా సులువే. ఓడ వేగం 8, ఇంజన్ శక్తి 4 అనుకుందాం. ఆ శక్తిలో సగం, అంటే 2, మలుపుకి వాడొచ్చు. ఒక్కో పాయింటుకీ గడియారంలో ఒక గంట అంత, అంటే 30 డిగ్రీలు తిరుగుతుంది. మిగతా 2తో వేగాన్ని 10కి పెంచొచ్చు, 6కి తగ్గించొచ్చు. ఇదంతా కాగితం మీద రహస్యంగా రాసుకుని, అందరూ ఒకేసారి కదుపుతారు. కాల్పుల్లో పాచిక 1, 2, 3 పడితే గురి తప్పినట్టు. 4, 5కి ఒక దెబ్బ. 6కి రెండు దెబ్బలు. దూరాల్ని అంగుళాల్లో కాకుండా సెంటీమీటర్లలో కొలిస్తే మూడడుగుల గుడ్డ మీదే యుద్ధం మొత్తం పట్టేస్తుంది.

షాపులో ఎన్ని టేబుళ్లు పడతాయి?

మన ఊళ్లలో మామూలు షట్టర్ షాపు 10 అడుగుల వెడల్పు, 12 అడుగుల లోతు అనుకుందాం. కౌంటర్, అలమరాలు పోగా మిగిలేది కొంచెమే. మైదానం 3 అడుగులు, రెండువైపులా మనిషి నిలబడి వంగడానికి తలా 2 అడుగులు. అంటే ఒక్కో టేబుల్‌కి పొడవున 7 అడుగులు కావాలి. కార్డులు, పాచికలు పెట్టుకోవడానికి పక్కన ఇంకో అడుగు. ఈ లెక్కన రెండు టేబుళ్లు పడతాయి. మూడోది ఇరికిస్తే మోచేతులు తగిలి ఓడలు కదిలిపోతాయి, గొడవలు అక్కడే మొదలవుతాయి.

రెండు టేబుళ్లంటే నలుగురు ఆటగాళ్లు. తక్కువనుకోవద్దు. నలుగురైతే మూడు రౌండ్లలో ప్రతి ఒక్కరూ మిగతా ముగ్గురితోనూ ఆడేస్తారు. ఎవరూ ఓడిపోయి ఇంటికి వెళ్లిపోరు, ఎవరూ ఖాళీగా కూర్చోరు. తొలి ఈవెంట్‌కి ఇంతకంటే మంచి సంఖ్య లేదు.

ఎనిమిది మంది వస్తారంటే నాలుగు టేబుళ్లు కావాలి. ఆదివారం ఖాళీగా ఉండే ట్యూషన్ సెంటర్ హాలు అడగొచ్చు. టెంట్ హౌస్ నుంచి టేబుళ్లు అద్దెకు తెచ్చుకునేటప్పుడు టేపు పట్టుకెళ్లండి. భోజనాల బల్ల వెడల్పు 3 అడుగులు లేకపోతే మైదానం అంచులు గాల్లో వేలాడతాయి. రెండు బల్లలు కలిపి వేసినా సరే, లేదంటే పైన 3 అడుగుల ప్లైవుడ్ పలక పరిచినా సరే.

నల్లగుడ్డ మందంగా, ముడతలు పడనిది తీసుకోవాలి. పాత టూత్‌బ్రష్‌ను తెల్ల రంగులో ముంచి, బొటనవేలితో చిమ్మితే నక్షత్రాలు వచ్చేస్తాయి. ఇక సీలింగ్ ఫ్యాన్.. కడప ఎండల్లో ఫ్యాన్ లేకుండా ఎవరూ కూర్చోలేరు. కానీ ఫ్యాన్ కింద అట్ట టోకెన్లు ఎగిరిపోతాయి. టోకెన్లకు బదులు బరువున్నవి, అంటే గాజు గోలీలు, చొక్కా గుండీలు వాడితే ఈ సమస్య ఉండదు. చిన్న విషయమే అనిపిస్తుంది, కానీ ఆట మధ్యలో ఎవరి టోకెన్ ఎవరిదో తెలియకపోతే మొత్తం లెక్క పోయినట్టే.

టైమే అసలు ప్రత్యర్థి

ఇలాంటి ఈవెంట్లు చెడిపోయేది ఎక్కువగా టైం దగ్గరే. ఎక్స్-వింగ్ టోర్నీల్లో ఒక రౌండ్‌కి 75 నిమిషాలు ఇవ్వడం అలవాటు. మూడు రౌండ్లంటే 225 నిమిషాలు, అంటే మూడు గంటల 45 నిమిషాలు. దీనికి రౌండ్ల మధ్య విరామాలు, భోజనం కలపాలి. ఉదయం తొమ్మిదిన్నరకి పేర్లు రాయించుకుని, పదింటికి మొదటి రౌండ్ మొదలుపెడితే 11:15కి అయిపోతుంది. రెండోది 11:30 నుంచి 12:45. గంట సేపు భోజనం. మూడోది 1:45 నుంచి 3:00. మూడుంపావుకి ఫలితాలు.

ఈ షెడ్యూల్ గోడకు అంటించాలి. ఎందుకంత పట్టుదల అంటారా? ప్రొద్దుటూరు నుంచో, జమ్మలమడుగు నుంచో, పులివెందుల నుంచో వచ్చే కుర్రాళ్లు వెలుతురు ఉండగానే ఇళ్లకు చేరాలి. ఒక్కసారి రాత్రి తొమ్మిదైతే, తర్వాతి నెల ఇంట్లోవాళ్లు పంపరు. షాపు ఓనర్ పరిస్థితీ అంతే. ఐదు గంటలు తన షాపులో టేబుళ్లు వేయించినవాళ్లు చెప్పిన టైంకి ఖాళీ చేస్తేనే రెండోసారి తాళం ఇస్తాడు.

టైం అయిపోగానే ఏం చెయ్యాలన్నది కూడా ముందే చెప్పాలి. 'బెల్ కొట్టాక నడుస్తున్న వంతు పూర్తి చేయండి, కొత్త వంతు మొదలుపెట్టొద్దు. ఎవరు ఎన్ని పాయింట్ల ఓడల్ని కూల్చారో లెక్క చూసి గెలుపు' అని పొద్దున్నే చెప్పేస్తే మధ్యాహ్నం వాదన ఉండదు. పావుగంట ముందు ఒకసారి, ఐదు నిమిషాల ముందు ఇంకోసారి గట్టిగా చెప్పడం మర్చిపోకూడదు.

ఎవరు ఎవరితో ఆడాలి?

ఎనిమిది మంది వస్తే నాకౌట్ పెట్టేయాలనిపిస్తుంది. పెట్టొద్దు. మొదటి రౌండ్లోనే నలుగురు ఓడిపోయి బయటికెళ్లిపోతారు. వాళ్లలో మళ్లీ వచ్చేవాళ్లు తక్కువ.

దానికి బదులు స్విస్ పద్ధతి ఉంది. చెస్ టోర్నీలకు వెళ్లినవాళ్లకు ఇది కొత్త కాదు. 1895లో స్విట్జర్లాండ్‌లోని జూరిక్ చెస్ టోర్నీలో మొదలైంది కాబట్టే ఆ పేరు. మొదటి రౌండ్‌కి చీటీలు వేస్తారు. రెండో రౌండ్లో గెలిచినవాళ్లు గెలిచినవాళ్లతో, ఓడినవాళ్లు ఓడినవాళ్లతో ఆడతారు. మూడో రౌండ్లోనూ ఒకేలాంటి స్కోరు ఉన్నవాళ్లే తలపడతారు. డ్రాలు లేకపోతే ఎనిమిది మందికి మూడు రౌండ్లలో, పదహారు మందికి నాలుగు రౌండ్లలో ఓటమి లేని ఒక్కరు తేలతారు. ఓడినవాళ్లకు కూడా తమ స్థాయివాళ్లే ఎదురొస్తారు కాబట్టి సాయంత్రానికి చాలామంది ఒక్క గెలుపైనా చూస్తారు.

ఏడుగురే వస్తే? ఒకరికి ఆట ఉండదు. అప్పుడు నిర్వాహకుడే ఎనిమిదో మనిషిగా కూర్చోవాలి. ఎనిమిదో మనిషి దొరికితే లేచి జడ్జి పనికి వెళ్లాలి. గెలవాలని వచ్చినవాళ్లు నిర్వాహకులుగా పనికిరారు అనేది అందుకే.

గొడవ వస్తే తీర్చేదెలా?

ఈ ఆటలో గొడవలన్నీ మిల్లీమీటర్ల మీదే. 'నా ఓడ అంచు నీ గీతను తాకింది', 'తాకలేదు'. ఓడలు ఒకదాని మీద ఒకటి పడాల్సి వచ్చినప్పుడు చేత్తో ఎత్తుతారు, మళ్లీ పెట్టేటప్పుడు కొంచెం పక్కకు పెడతారు. కావాలని కాకపోవచ్చు, కానీ అవతలివాళ్లకి అనుమానం మొదలవుతుంది.

దీనికి మూడు అలవాట్లు నేర్పిస్తే చాలు. మొదటిది, ఓడను ఎత్తే ముందు దాని నాలుగు మూలల దగ్గర గుండీలు పెట్టడం. రెండోది, పాచిక వెయ్యకముందే దూరం ఎంతో ఇద్దరూ కలిసి కొలిచి ఒప్పుకోవడం. మూడోది, పాచికలు ఒక ట్రేలోనే వెయ్యడం. స్వీటు డబ్బా మూత సరిపోతుంది. కిందపడిన పాచిక లెక్కలోకి రాదు, మళ్లీ వెయ్యాలి.

ఇవన్నీ చేసినా తేలకపోతే జడ్జిని పిలుస్తారు. జడ్జి పుస్తకం చూడటానికి రెండు నిమిషాలు. దొరక్కపోతే పాచిక వేసి తేల్చేసి, ఆట ముందుకు నడిపించాలి. సరైన రూల్ ఏంటన్నది భోజనం టైంలో వెతికి అందరికీ చెప్పొచ్చు. అరగంట వాదించి గెలిచిన రూల్ కంటే, రెండు నిమిషాల్లో ఇచ్చిన తీర్పుకే అందరూ రుణపడతారు.

అదృష్టం ఎంత? తెలివి ఎంత?

పాచికలు ఉన్నాయంటే ఇదంతా లక్కే కదా అని కొందరంటారు. లెక్క చూద్దాం. ఎక్స్-వింగ్ దాడి పాచికకు 8 ముఖాలు. అందులో 4 ముఖాలు దెబ్బ తగిలేవి, 2 కన్ను గుర్తులు, 2 ఖాళీ. ఏమీ చెయ్యకుండా కాలిస్తే ఒక పాచిక తగిలే అవకాశం 50 శాతం. కానీ కదిలాక 'ఫోకస్' అనే చర్య తీసుకుని ఉంటే కన్ను గుర్తులు కూడా దెబ్బలవుతాయి. అప్పుడు 75 శాతం. రక్షణ పాచికలో తప్పించుకునే ముఖాలు 3, కన్ను గుర్తులు 2, ఖాళీ 3. ఫోకస్ లేకపోతే 37.5 శాతం, ఉంటే 62.5 శాతం.

అంటే పాచికను ఎవరూ శాసించలేరు. కానీ ఏ దూరం నుంచి, ఏ కోణంలో, ఫోకస్ ఉంచుకుని కాలుస్తున్నామా లేదా అన్నది ఆటగాడి చేతిలోనే ఉంది. దగ్గరి నుంచి కాలిస్తే ఒక దాడి పాచిక ఎక్కువ. దూరం నుంచైతే అవతలివాళ్లకి ఒక రక్షణ పాచిక ఎక్కువ. కొత్తవాళ్లు పాచికను తిట్టుకుంటారు. పదిసార్లు ఆడినవాళ్లు తమ డయల్‌ను తిట్టుకుంటారు.

డబ్బు బహుమతి వద్దు.. ఎందుకంటే?

ఇది కచ్చితంగా గుర్తుపెట్టుకోవాల్సిన విషయం. పాచికలు, చుట్టూ పదిమంది కుర్రాళ్లు, మధ్యలో డబ్బు.. బయటి నుంచి చూసేవాళ్లకు ఇది ఎలా కనిపిస్తుందో వేరే చెప్పక్కర్లేదు. జూదాన్ని అడ్డుకోవడానికి రాష్ట్రంలో 1974 నాటి గేమింగ్ చట్టం ఉంది. 2020లో దాన్ని సవరించి ఆన్‌లైన్ జూదాన్ని కూడా అందులోకి తెచ్చారు. అందుకే ఎంట్రీ ఫీజులు పోగేసి, ఆ డబ్బునే గెలిచినవాళ్లకు పంచే పని అస్సలు పెట్టుకోవద్దు.

టేబుల్ అద్దె, భోజనం ఖర్చు తలా ఇంత అని వేసుకోండి. ఆ లెక్క కాగితం మీద రాసి గోడకు అంటించండి. బహుమతిగా ఒక చిన్న కప్పు, ఒక సర్టిఫికెట్, చేత్తో రంగులేసిన ఒక ఓడ.. ఏదైనా సరే. మొదటి స్థానానికి ఒకటిచ్చి, బాగా ఆడించినవాళ్లకు, అంటే ఎదుటివాళ్లు ఓట్లేసి ఎంచుకున్న మంచి ఆటగాడికి ఇంకొకటి ఇస్తే టేబుళ్ల దగ్గర గొంతులు వాటంతటవే తగ్గుతాయి. షట్టర్ పూర్తిగా తెరిచి పెట్టండి. దారిన పోయేవాళ్లకు లోపల ఏం జరుగుతోందో కనపడాలి. ఇంట్లోవాళ్లు ఆడపిల్లల్ని ధైర్యంగా పంపాలన్నా ఈ తెరిచిన షట్టరే ముఖ్యం.

షాపుకి ఏం లాభం?

ఓనర్ అడిగే మొదటి ప్రశ్న ఇదే, అడగడం న్యాయం కూడా. నిజం చెప్పాలంటే తొలిరోజు పెద్దగా ఏమీ మిగలదు. కూల్‌డ్రింకులు, చార్టులు, రంగులు, బ్రష్షులు, పాచికలు కొన్ని అమ్ముడవుతాయి. లాభం వచ్చేది నెలనెలా అదే ఆదివారం అదే మనుషులు వచ్చినప్పుడు. ఫ్యాన్సీ స్టోర్, స్టేషనరీ షాపు లాంటి చోట్ల సామాన్లన్నీ ఇప్పుడు ఫోన్‌లో ఆర్డర్ పెడితే ఇంటికొస్తున్నాయి. ఫోన్ ఇవ్వలేనిది కూర్చునే చోటు. ఆ చోటు ఇచ్చిన షాపునే జనం గుర్తుపెట్టుకుంటారు. ఓనర్‌కి ఈ మాట చెప్పేటప్పుడు వచ్చేదాన్ని పెంచి చెప్పొద్దు. 'మూడు నెలలు చూద్దాం, కుదరకపోతే మానేద్దాం' అన్న ఒప్పందం ఇద్దరికీ మేలు.

తేదీ ఎంచుకోవడంలోనూ జాగ్రత్త. మార్చిలో పరీక్షలు. వేసవి సెలవుల్లో కుర్రాళ్లు దొరుకుతారు కానీ సాయంత్రాలు ఐపీఎల్‌వి. ఆదివారం పొద్దున్న, మూడింటికల్లా అయిపోయేలా పెడితే క్రికెట్‌తో పోటీ ఉండదు.

ఒక్కరి మీదే నడిస్తే ఎన్నాళ్లు?

కంపెనీలు ఆటల్ని వదిలేయడం ఇదే మొదటిసారి కాదు. బ్రిటన్‌కు చెందిన గేమ్స్ వర్క్‌షాప్ 1999లో 'బ్యాటిల్‌ఫ్లీట్ గోథిక్' అనే అంతరిక్ష నౌకల ఆట తెచ్చి, 2013లో ఆపేసింది. ఆటగాళ్లు పాత పుస్తకాల్ని దాచుకుని, రూల్స్‌ని సొంతంగా సరిదిద్దుకుని ఇప్పటికీ ఆడుతున్నారు. కంపెనీ ఆపితే ఆట పోదని దీన్నిబట్టి అర్థమవుతోంది. ఆట పోయేది ఊళ్లో దాన్ని నడిపించే మనిషికి ఉద్యోగం వచ్చి హైదరాబాదో, బెంగళూరో వెళ్లిపోయినప్పుడు. కడప జిల్లా కుర్రాళ్ల విషయంలో ఇది 'ఒకవేళ' కాదు, 'ఎప్పుడు' అన్నదే ప్రశ్న.

అందుకే మొదటి ఈవెంట్ రోజే రెండో మనిషిని తయారు చెయ్యాలి. జోడీలు వేసే కాగితం ఒకరికి, గడియారం ఒకరికి, కొత్తవాళ్లకు నేర్పే టేబుల్ ఇంకొకరికి అప్పగించాలి. నేర్పే టేబుల్ అంటే పోటీలో లేనివాళ్లు, తోడుగా వచ్చిన తమ్ముళ్లు, చెల్లెళ్లు ఒక ఓడ పట్టుకుని పావుగంట ఆడి చూసే చోటు. షాపులో జాగా లేకపోతే బయట అరుగు మీదైనా సరే. వచ్చే నెల ఆటగాళ్లు అక్కడి నుంచే వస్తారు.

సామాన్లన్నీ ఒకే రేకు పెట్టెలో ఉంచి, లోపల ఏమేం ఉన్నాయో మూత మీద రాసి, పెట్టెను షాపులోనే వదిలి వెళ్లాలి. గుడ్డలు, కొలతలు, పాచికలు, గుండీలు, రూల్స్ ప్రింటు, షెడ్యూల్ కాగితం. నిర్వాహకుడు ఊళ్లో లేని ఆదివారం కూడా ఎవరో ఒకరు వచ్చి ఆ పెట్టె తెరిచి, టేబుల్ వేసి, టైంకి బెల్ కొట్టగలిగితే.. ఆ ఈవెంట్ నిలబడినట్టే.